అందరం కలిసి చూసిన ఆట

 

ఈ రోజు ఒక ఆట గురించి మాట్లాడుకుందాం. ఆటతో మనకేం పని అంటారా? పని ఉంది. వినండి.

ఆ ఆట పేరు ఫుట్‌బాల్. అంటే కాలితో ఆడే బంతాట. ఒక్కో జట్టులో 11 మంది ఉంటారు. బంతిని అవతలి జట్టు వలలోకి కొడితే ఒక గోలు. నాలుగేళ్లకోసారి ప్రపంచ కప్పు పోటీ జరుగుతుంది. 2022లో ఆ పోటీ కతార్ దేశంలో జరిగింది. డిసెంబరు 18న ఆఖరి ఆట. అర్జెంటీనా, ఫ్రాన్స్ జట్లు తలపడ్డాయి.

ఆ రాత్రి మా ఇంట్లో టీవీ ముందు చాపలు పరిచాం. అమ్మ, మేనత్త, పక్కింటి వదిన, పిల్లలు అందరం చేరాం. కతార్‌లో సాయంత్రం 6 గంటలైతే మనకు రాత్రి ఎనిమిదిన్నర. వదిన వాళ్లాయన అక్కడే మేస్త్రీ పని చేస్తుండె.

"ఆయన పని చేసిన గ్రౌండు ఇదేనా? లుసైల్ అని ఫోన్లో చెప్పిండు" అని వదిన అడిగింది.

"అదే వదినా" అన్నాను. ఇక ఆమె కన్ను ఆట మీద లేదు. గోడలు చూసింది, మెట్లు చూసింది.

మా మేనత్త కొత్తగా చదువు నేర్చింది. తెర మీది అంకెలు తనే చదివి చెప్పింది. ముందు 2-0. అర్జెంటీనా గెలిచినట్టే అనుకున్నాం. ఎంబాపే రెండు నిమిషాల్లోనే రెండు గోల్సు కొట్టాడు. 2-2 అయింది. ఇంకో 30 నిమిషాలు ఆడారు. మెస్సీ ఒక గోలు కొట్టాడు. ఎంబాపే మళ్లీ కొట్టాడు. 3-3! చివరికి పెనాల్టీలలో అర్జెంటీనా 4-2తో గెలిచింది. పిల్లలు ఎగిరి గంతులేశారు.

ఆ పోటీకి 8 మైదానాలు వాడారు. వాటిలో 7 కొత్తగా కట్టినవే. ఎవరు కట్టారు? మన దేశం నుంచి, నేపాల్ నుంచి, బంగ్లాదేశ్ నుంచి పోయిన కూలీలు. కొందరు నాలుగు రూకలు వెనకేసుకున్నారు. కొందరికి జీతాలు అందలేదు. కొందరి పాస్‌పోర్టులు యజమానులు గుంజుకున్నారు. కొందరు ప్రాణాలతో తిరిగి రాలేదు.

2020లో కతార్ చట్టం మార్చింది. యజమాని ఒప్పుకోకపోయినా కూలీ వేరే పనిలో చేరవచ్చు. 2021 మార్చి నుంచి నెలకు కనీసం 1000 రియాళ్ల జీతం ఇవ్వాలి. కానీ చట్టం ఉందని తెలియకపోతే ఎట్లా అడుగుతాం?

అందుకే చెబుతున్నా. మన ఇంటి మనిషి గల్ఫ్ పోతానంటే ముందు కాగితాలు చూడండి. ఏజెంటుకు సర్కారు లైసెన్సు ఉందా? ఒప్పంద పత్రంలో జీతం ఎంత రాశారు? పని ఎన్ని గంటలు? తిండి, వసతి ఎవరిది? విజిట్ వీసా మీద పనికి పంపుతామంటే నమ్మవద్దు. పాస్‌పోర్టు, వీసా, ఒప్పంద పత్రం జిరాక్సులు ఇంట్లో పెట్టుకోండి. కంపెనీ పేరు, ఫోను నంబరు మీ చేత్తో నోటుబుక్కులో రాసుకోండి. ఇంగ్లీషులో ఉంటే తెలిసినవాళ్లతో చదివించుకోండి. అర్థం కాకుండా సంతకం పెట్టనివ్వకండి.

మీలో ఎవరింట్లోనైనా అట్లాంటి కాగితాలుంటే రేపు కేంద్రానికి తీసుకురండి. కలిసి కూర్చుని చదువుదాం.

సెలవు.