మేడారపు మొక్కు, ఇంటి మొక్కు

మేడారములో బెల్లమును బెల్లమని యెవరును అనరు, బంగారమందురు. జాతరనాడు అంగడివాడు తక్కెడ ముందు నిలిచి, "ఎంత బంగారం కావాలమ్మా?" అని అడుగును. కూలినాలి చేసికొను ఇల్లాలు ఇరువది కిలోల బంగారము తూయించుకొని, తలపై నెత్తుకొని, జనసమ్మర్దములో గద్దెల వైపు సాగిపోవును. ఆ మాటలో అమ్మువానికిగాని, కొనుదానికిగాని వింత యేమియు తోచదు.

నేడు ములుగు జిల్లా తాడ్వాయి మండలములో, అడవి నడుమనున్న ఈ చిన్న గ్రామము 2016 వరకు వరంగల్లు జిల్లాలోనిదే. రెండేండ్ల కొకమారు మాఘశుద్ధ పౌర్ణమి వేళకు ఇచ్చట సమ్మక్క-సారలమ్మల జాతర నాలుగు దినములు జరుగును. బుధవారము కన్నెపల్లి నుండి సారలమ్మ వచ్చును. గురువారము చిలకలగుట్ట నుండి కుంకుమభరిణె రూపమున సమ్మక్క దిగివచ్చి గద్దె నెక్కును. శుక్రవారము మొక్కుల దినము. శనివారము తల్లులు తిరిగి వనమున ప్రవేశింతురు. శిలావిగ్రహము లేదు, పెద్ద గోపురము లేదు, పూజారులు కోయలు. 1996లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీనిని రాష్ట్రపు పండుగగా ప్రకటించినది. 2024 ఫిబ్రవరి 21 మొదలు 24 వరకు జరిగిన జాతరకు కోటిమందికి పైగా వచ్చిరని అధికారుల అంచనా.

ఇంతమంది ఏమి కోరుటకు వచ్చిరని అడుగుట వాడుక. కోరుటకు వచ్చువారు కలరు, నిజమే. కాని, మా కంటికి తీర్చుటకు వచ్చినవారే ఎక్కువగా కనబడిరి. బిడ్డ బ్రతికినందుకు ఒకరు, ఎండిన బావిలో నీరు పడినందుకు మరొకరు, తమ యెత్తు బెల్లము తూచి ఇచ్చుటకు వచ్చిరి. నిలువెత్తు బంగారమనునది ఇదియే. దేవతతో బేరమాడుట కాదా యని పట్టణవాసులు కొందరు ఈ మొక్కును ఆక్షేపింతురు. మాకట్లు తోచలేదు. బేరము తెగిన పిమ్మట అమ్మినవాని మొగము మనకు గుర్తుండదు. మొక్కిన తల్లియో, ఆ మాటను రెండేండ్లు కడుపులో పెట్టుకొని తిరుగును. ఎవరికి బాకీపడినదో, ఎంత బాకీపడినదో ఆమె మరువదు.

ఆ యేడు శుక్రవారమునాడు మేము శబ్దగ్రహణ యంత్రముతో గద్దెలకు కొంత ఎడముగా నిలిచియుంటిమి. ముప్పది యేండ్ల ఇల్లాలొకతె ఐదేండ్ల కొమరుని తక్కెడలో కూర్చుండబెట్టి బెల్లము తూయించుచుండెను. పిల్లవాడు కుదురుగా కూర్చుండడు, తక్కెడ నిలువదు, అంగడివాడు విసుగుకొనుచుండెను. తుదకు పదునేడు కిలోలని తేలినది. ఏమి మొక్కు చెల్లీ అని మేమడిగితిమి.

"రెండేండ్ల కింద పిల్లగానికి జొరమొచ్చి తొమ్మిది దినాలు దవాఖానల ఉన్నమక్కా. బతికితే పిల్లగానెత్తు బంగారం ఇస్తనని మొక్కిన. తల్లి నా మాట ఇన్నది. నా బాకి నేను తీర్చుకుంటున్న."

ఇంటివద్ద దినదినమును మొక్కుదువా యని మరల అడిగితిమి. ఆమె నవ్వినది. "దినాం యాడ మొక్కుడక్కా? పొద్దుగాల లేసి బర్రె పాలు పిండాలె, పిల్లగాండ్లకింత వండి పెట్టాలె, చేనుకు పోవాలె. మొక్కెటందుకు నిలబడితె గద!"

అట్లనుచునే ఆమె విడిగా కొన్న బెల్లపుముద్ద నొకదానిని కొంగున ముడివేసికొనినది. అది యెవరికని అడుగగా, "మా పక్కింటామెకు. ఈ నాల్గొద్దులు మా బర్రెను ఆమెనే చూస్తంది" అనినది.

దినమును మొక్కుటకు తీరిక లేదన్న ఆ తల్లి, తన బర్రెకు నీరు పెట్టిన చేతిని మాత్రము మరువలేదు. ఆమె నోటిమాటకంటె ఆమె కొంగుముడియే మాకు సరియైన జవాబుగా తోచినది.

కృతజ్ఞత యను సంస్కృతపదమును విడదీసి చూతము. కృతము అనగా చేయబడినది. జ్ఞత యనగా ఎరుగుట. చేసిన మేలును ఎరిగియుండుట, అంతే. పొగడుటగాని, చేతులు జోడించుటగాని, కానుకలిచ్చుటగాని ఆ పదములో లేవు. ధన్యవాదములను మాట మన ఇండ్లలో నేటికిని సభామర్యాదగనే మిగిలినది. కొడుకు అన్నము తిని లేచి తల్లికి ధన్యవాదములు చెప్పినచో ఆమె వాని నుదుట చేయివేసి జ్వరమేమో యని చూచును. మనకు వేరు మాటలున్నవి. "నీ కడుపు చల్లగుండ" అందుము. "నూరేండ్లు బ్రతుకు" అందుము. "నీ మేలు మరువను" అందుము. మొదటి రెండును దీవెనలు. మూడవది ఒట్టు, ఎరిగియుందునని చెప్పుట.

మరి తీరిక లేని తల్లి దినదినమును ఎట్లు ఎరిగియుండవలెను? ముందుగా ఆమె తీరిక సంగతి చూతము. 2019లో జాతీయ గణాంక కార్యాలయము దేశమంతటను కాలవినియోగమును గూర్చి సర్వే జరిపినది. ఆరేండ్లు నిండినవారిలో, జీతము లేని ఇంటిపని చేయు స్త్రీలు దాని కొరకు దినమునకు సగటున 299 నిమిషములు వెచ్చించుచున్నారనియు, అట్టి పని చేయు పురుషులు 97 నిమిషములు వెచ్చించుచున్నారనియు అందు తేలినది. చేయువారి లెక్కయే వేరు: స్త్రీలలో నూటికి 81 మంది, పురుషులలో 26 మంది. పిల్లల ఆలనాపాలన ఈ నిమిషములలో చేరదు. దానికి వేరు పద్దు కలదు. ఐదు గంటలు చీపురు, పొయ్యి, గిన్నెలు, బట్టల నడుమ గడపి, ఆపై చేనికో ఆఫీసుకో పోయి వచ్చిన తల్లిని, నీవు పొందిన మేళ్లను దినమును పుస్తకములో వ్రాసికొమ్మని ఉపదేశించుట మాకు సమ్మతము గాదు. అది మరియొక పని. తోమవలసిన మరియొక గిన్నె.

శాస్త్రజ్ఞులును ఈ విషయమును పరీక్షించియున్నారు. అమెరికా దేశీయులైన రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లా యను మనస్తత్వశాస్త్రజ్ఞులు 2003లో తమ పరిశోధనను ప్రకటించిరి. అందొక పరీక్షలో విద్యార్థులను మూడు జట్లుగా విభజించి, పది వారములపాటు వారమున కొకమారు ఒక జట్టుచే తాము పొందిన మేళ్లను, ఒక జట్టుచే చికాకులను, మూడవ జట్టుచే జరిగిన సంగతులను మాత్రము వ్రాయించిరి. మేళ్లు వ్రాసినవారు తమ జీవితమును గూర్చి తక్కినవారికంటె తృప్తిగా మాటలాడిరి. 2005లో సోన్యా ల్యూబొమిర్‌స్కీ యను విదుషీమణియు ఆమె సహచరులును ప్రకటించిన పరిశోధన మరియు ఆసక్తికరము. ఆరు వారములలో, వారమున కొకమారు మేళ్లను లెక్కించుకొన్నవారికి సంతోషము పెరిగినది. వారమునకు మూడుమార్లు లెక్కించుకొన్నవారికి పెరుగలేదు. తరచుగా చేసిన లెక్క మొక్కుబడి లెక్కయై పాతబడెనేమో! మొక్కుబడి యను పవిత్రమైన మాట మన వాడుకలో "ఏదో చేసితిమనిపించుట" అను అర్థములోనికి దిగజారుటయు ఇందుకే కాబోలు.

కావున పుస్తకము వలదు, ఆసనము వలదు. చేయుచున్న పనిలోనే ఒక గుర్తు పెట్టుకొనిన చాలును. అత్తెసరు పెట్టునప్పుడు ఎసరు కాగువరకు చేతికి పని లేని రెండు నిమిషములు చాలామంది ఇల్లాండ్రకు దొరకును. ఆ రెండు నిమిషములలో, నిన్నటి దినమున మన పని నెవరు తేలిక చేసిరో ఒక్కరిని తలంపవలెను. ఒక్కరే. "అంతయు బాగున్నది, అందరును మంచివారే" యని తలంచినచో ఎవరిని తలంచినట్లును కాదు. వానలో పాలు తెచ్చినవాడు, బస్సులో పిల్లను ఒడిలో కూర్చుండబెట్టుకొన్న పరాయి ముసలమ్మ, అడుగకుండనే బిందె నింపిన ఆడుబిడ్డ – ఇట్లు మొగము కనబడవలెను. మేడారపు తక్కెడలో తూకమెట్లు ఖచ్చితమో ఇదియు నట్లే. తలంచుకొన్నవారు ఎదురుపడినప్పుడు ఒక మాట: "మొన్న నీవు పట్టుకొన్నందుకే పిల్ల పడలేదమ్మా" అని. ఇక ఏ మేలును తోచని దినములుండును. జ్వరములు, అప్పులవాండ్రు, పగిలిన కుండ. ఆ దినమున ఎసరు వంక చూచుచు ఊరకుండుడు. లేని మేలును కల్పించుకొన నవసరము లేదు.

ఇచ్చట ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. కృతజ్ఞత పేరిట స్త్రీల నోరు మూయించుట మన ఇండ్లలో కలదు. నడుము నొప్పి యనిన కోడలితో, "తిండి కున్నది, గుడ్డ కున్నది, పిల్లలున్నారు, ఇంకేమి కావలె? ఉన్నదానికి సంతోషించు" అందురు. ఇది కృతజ్ఞత నేర్పుట గాదు. చేసిన దానిని ఎరుగుటయే కృతజ్ఞత యైనచో, ఆ కోడలు చేసిన పనిని ఎరుగనివారే కృతఘ్నులు.

మేడారపు తల్లి కథయు ఇట్లు నోరు మూసికొన్న తల్లి కథ కాదు. వానలు లేక పంటలు పండని కాలమున కాకతీయ ప్రతాపరుద్రుని ప్రభుత్వము కప్పము కోరెననియు, ఇయ్యజాలమనినందుకు సేన వచ్చెననియు ఐతిహ్యము. సమ్మక్క భర్త పగిడిద్దరాజును, కూతురు సారలమ్మయు పోరులో కూలిరి. కొమరుడు జంపన్న సంపెంగవాగులో దూకి ప్రాణము విడిచెను; ఆ వాగే నేటి జంపన్నవాగు. గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు పోయి అదృశ్యమైనది. వెదకినవారికి కుంకుమభరిణె దొరికినది. లేని పంటకు కప్పము కట్టుమనినవారికి ఆమె తల వంచలేదు. లక్షలమంది తల్లులు తమ కృతజ్ఞతను తూచి సమర్పించునది అట్టి స్త్రీకి. అందుచేత సోదరీమణులారా, పాలవానికి ఒక మంచిమాట చెప్పిన నోటితోనే, "ఈ బిందె నేనొక్కతెను మోయజాలను" అనియు చెప్పవచ్చును. ఆ రెండింటికిని విరోధము లేదు.

ఇంటిలో తల్లి పని ఎవరికిని కనబడదు. ఊడ్చిన గది ఊడ్చినట్లుండదు, ఊరక శుభ్రముగ నున్నట్లే యుండును. దీనికి మేము కొన్ని ఇండ్లలో చూచిన ఉపాయ మొకటి కలదు. వారమున కొక్కమారు, శుక్రవారము రాత్రియో ఆదివారము రాత్రియో, అందరును కూడి భోజనము చేయునప్పుడు, ఈ వారములో తనకెవరు ఏమి చేసిరో ఒక్కొక్కరు ఒక్క సంగతి చెప్పవలెను. ఇంటి యజమానికిని మినహాయింపు లేదు. మొదటి వారము ఎవరికిని నోట మాట రాదు. తండ్రి కంచములోని పప్పు వంక చూచును, పెద్దపిల్ల నవ్వును. రెండవ వారమును అంతే. మూడవ వారమున చిన్నవాడు, "అమ్మ నా చొక్కాకు గుండీ కుట్టింది" అనును.

"ఎప్పుడు కుట్టావు?" అని తండ్రి అడుగును.

"మొన్న రాత్రి, మీరందరూ పడుకున్నాక."