ఆరేళ్ళకు వచ్చే దవడ పన్ను పాలపన్ను కాదు

(ఒక ప్రాథమిక పాఠశాలలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో మా దంత వైద్యురాలు చేసిన ప్రసంగం)



పోయిన నెలలో ఒక తల్లి తొమ్మిదేళ్ళ పాపను మా దగ్గరకు తీసుకొచ్చింది. పాప బుగ్గ వాచిపోయి ఉంది. మూడు రాత్రులుగా నిద్ర లేదట. లవంగ నూనె పెట్టారు, మందుల షాపులో బిళ్ళలు కొని వేశారు, తగ్గక ఆసుపత్రికి వచ్చారు. కింది దవడలో వెనక ఉన్న పెద్ద పన్ను పూర్తిగా పుచ్చిపోయి, గుల్ల మాత్రమే మిగిలింది. "పాలపన్నే కదా డాక్టరమ్మా, పీకేయండి, మళ్ళీ వస్తుంది" అంది తల్లి. ఇది మళ్ళీ రాదమ్మా అంటే ఆమె నమ్మలేదు. "అక్కడ ఇంతకు ముందు ఏ పన్నూ ఊడలేదే!" అంది.

ఆమెను నేను తప్పుపట్టను. పాలపళ్ళు 20. అవి ఊడిన చోటే కొత్త పళ్ళు రావడం మనం చూస్తుంటాం. కానీ ఆరేళ్ళ వయసులో, పాలపళ్ళన్నిటికీ వెనక, ఏ పన్నూ ఊడకుండానే నాలుగు పెద్ద పళ్ళు వస్తాయి. పైన రెండు, కింద రెండు. ఇవి శాశ్వత దంతాలు. జీవితాంతం అన్నం నమలవలసింది వీటితోనే. చప్పుడు లేకుండా వస్తాయి కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఈ పన్ను పూర్తిగా పైకి రావడానికి నెలలు పడుతుంది. అంతవరకు పక్క పన్ను కంటే కిందుగా ఉంటుంది గనుక బ్రష్షు దాని మీదుగా జారిపోతుంది. పైగా దాని మీద లోతైన గాళ్ళు ఉంటాయి. వాటిలో బిస్కెట్టు పిండి ఇరుక్కుంటే సూక్ష్మక్రిములు దాన్ని ఆమ్లంగా మారుస్తాయి. పొద్దస్తమానం ఏదో ఒక తీపి నములుతూ ఉండే బిడ్డ నోటిలో ఆ ఆమ్లం తగ్గే తీరికే ఉండదు. చాక్లెట్టు పెట్టాలనుకుంటే అన్నంతో పాటే పెట్టేయండి. మధ్యలో ఆకలేస్తే వేరుశనగ పప్పులో, జామకాయో ఇవ్వండి.

ఏడెనిమిదేళ్ళ దాకా పిల్లల చేతి తోముడును నమ్మకండి. రాత్రి పడుకునే ముందు మీరే తోమాలి. వెనక పన్నుకు బ్రష్షును బుగ్గ వైపు నుంచి అడ్డంగా పెట్టి తోమండి. తర్వాత మంచినీళ్ళు తప్ప ఏమీ ఇవ్వకూడదు, పాలు కూడా.

ఇక్కడ ఒక మాట తప్పక చెప్పాలి. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఈ జబ్బును 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. అందుకే "ఫ్లోరైడ్ పేస్టు వాడవచ్చా?" అని చాలామంది అడుగుతారు. వాడవచ్చు. పేస్టు పన్నుకు పైనుంచే బలం ఇస్తుంది. మింగితేనే చిక్కు, ఎందుకంటే సుమారు ఎనిమిదేళ్ళ దాకా చిగురు లోపల పళ్ళు తయారవుతూనే ఉంటాయి. మూడేళ్ళు దాటిన వారికి బఠాణీ గింజంత చాలు, దగ్గరుండి ఉమ్మించండి. గోధుమ రంగు మచ్చలు పోతాయని బొగ్గుతో, ఇటుక పొడితో మాత్రం రుద్దించకండి. మచ్చ పోదు, పంటి పైపొరే అరిగిపోతుంది.

కొత్తగా వచ్చిన పన్ను గాళ్ళను పుచ్చకముందే ఒక పూతతో మూసివేయవచ్చు. సూది ఉండదు, నొప్పి ఉండదు. ఆ పాపకు ఎవరైనా ఆరేళ్ళప్పుడు నోరు తెరిచి చూసి ఉంటే ఈ పనితోనే సరిపోయేది. చివరకు ఆ పన్ను తీసేయక తప్పలేదు.

నేను టార్చిలైటు తెచ్చాను. ఒకటి, రెండు తరగతుల పిల్లల్ని వరుసగా పంపండి. తల్లిదండ్రులు పక్కనే నిలబడండి, ఆ పన్ను ఎక్కడ ఉందో మీ కళ్ళతో మీకే చూపిస్తాను.