రోడ్డు ప్రమాద పరిహారం – మన కుటుంబాలు తెలుసుకోవలసినవి
(కొవ్వూరులో జరిగిన న్యాయ అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కొవ్వూరు గోదావరి వంతెనల ముఖద్వారం. గుండుగొలను నుండి దేవరపల్లి మీదుగా వచ్చే నాలుగు వరుసల జాతీయ రహదారి కూడ ఇప్పుడు మన వాకిట నుండే సాగుతున్నది. ఆటో, లారీ నడిపేవారు, మెకానిక్కులు, తోపుడు బండ్ల వ్యాపారులు మనలో అనేకులు. వారి బ్రతుకంతా రోడ్డు మీదనే. అందుచేత ప్రమాదం జరిగిననాడు ఆ ఇంటి రోజువారీ ఆదాయం ఒక్కసారిగా నిలిచిపోతుంది.

అటువంటి ఇళ్లకు వెళ్లినప్పుడు మేము తరచుగా వినే మాటలు రెండు. "తఖ్దీర్‌లో ఉన్నది జరిగింది, కోర్టు ఎందుకు?" అన్నది మొదటిది. "వాహనం వాళ్లు రెండు లక్షలు ఇస్తామంటున్నారు, రాజీ పడదాం" అన్నది రెండవది. సహనం మన ధర్మమే. కాని పొరపాటున ప్రాణం పోయినా వారసులకు దియత్ చెల్లించాలన్నది కూడ మనకు తెలిసిన ధర్మమే. తండ్రిని కోల్పోయిన పిల్లల వాటాను వదులుకొనే అధికారం పెద్దలమైన మనకు లేదు.

ఆ వాటా ఎంతో ఒక ఉదాహరణతో చూద్దాం. 35 ఏళ్ల ఆటో డ్రైవరు నెలకు 15,000 రూపాయలు సంపాదిస్తున్నాడనుకుందాం. అతనిపై భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఆధారపడి ఉన్నారు. సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులోను, 2017లో ప్రణయ్ సేథీ కేసులోను నిర్ణయించిన పద్ధతి ప్రకారం భవిష్యత్తు పెరుగుదలకు 40 శాతం కలిపితే 21,000. అతని సొంత ఖర్చు క్రింద నాలుగో వంతు తీసివేస్తే 15,750. ఏడాదికి 1,89,000. ఆ వయస్సుకు గుణకం 16 కనుక మొత్తం 30,24,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు వంటివి దీనికి అదనం. రాజీ మొత్తాన్ని దీని ప్రక్కన పెట్టి చూడండి.

గాయపడినవారి విషయంలో వైద్యుడు వ్రాసిన శాతం ఒక్కటే ప్రమాణం కాదు. ఎడమచేయి కోల్పోయిన డ్రైవరుకు, వడ్రంగికి జీవనోపాధి దాదాపు పూర్తిగా పోవచ్చునని, గుమాస్తాకు అంత నష్టం ఉండకపోవచ్చునని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. కనుక బాధితుడు చేసే పని ఏమిటో ట్రిబ్యునల్‌కు స్పష్టంగా చెప్పాలి.

2022 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపున దరఖాస్తు చేయాలి. ఈ గడువుపై సుప్రీంకోర్టులో వ్యాజ్యాలు నడిచినా, ఆ ఆశతో ఎవరూ ఆలస్యం చేయరాదు. ప్రమాదం చెన్నైలో జరిగినా మన నివాస ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే దరఖాస్తు చేయవచ్చు. గుద్దిన వాహనం ఏదో తెలియకపోతే మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు ఇచ్చే పథకం ఉన్నది. దానికి ఆర్.డి.ఓ. కార్యాలయంలో విచారించాలి.

ఎఫ్.ఐ.ఆర్., గాయాల ధ్రువపత్రం లేదా పోస్టుమార్టం నివేదిక, ఆసుపత్రి బిల్లులు, ఎదుటి వాహనపు ఆర్.సి., బీమా పాలసీ నకళ్లు మొదటి వారాల్లోనే సేకరించండి. జీతపు చీటీ లేనివారికి బ్యాంకు పాస్‌బుక్, ఫైనాన్సు వాయిదాల రసీదులు ఆదాయానికి ఆధారమవుతాయి. నికాహ్‌నామా భద్రపరచండి. మన పేర్లలో "షేక్" ఒక కాగితంలో ముందు, మరొకదానిలో చివర ఉంటుంది. ఈ తేడాలను ముందే సరిచేయించండి.

ఇక వకీలు ఎంపిక. ఆసుపత్రి వరండాలో వెదుక్కుంటూ వచ్చి "ముందు పైసా వద్దు, వచ్చినదానిలో ముప్పై శాతం ఇవ్వండి" అనే మధ్యవర్తిని నమ్మకండి. అమెరికాలో అటువంటి ఒప్పందం చెల్లుతుంది. మన దేశంలో న్యాయవాది పరిహారంలో వాటా కోరడాన్ని, దళారుల ద్వారా కేసులు రాబట్టడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు నిషేధించాయి. మోటారు ప్రమాద కేసులు ఎన్ని నడిపారో, ఫీజు ఎంతో నేరుగా అడగండి. ఖాళీ కాగితంపైన, ఖాళీ చెక్కుపైన సంతకం చేయకండి. కేసు నంబరు తీసుకొని మీ వద్ద ఉంచుకోండి.

ఫీజు భరించలేనివారికి 1987 నాటి న్యాయసేవల చట్టం క్రింద ఉచిత న్యాయవాది లభిస్తారు. స్త్రీలకు, పిల్లలకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండానే ఈ హక్కు ఉన్నది. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. లోక్ అదాలత్‌లో త్వరగా పరిష్కారం దొరుకుతుంది కాని ఆ తీర్పుపై అప్పీలు ఉండదు. అందుచేత పైన చెప్పిన లెక్క వేసుకున్న తరువాతనే సంతకం చేయాలి.

మస్జిద్ కమిటీలకు మా విన్నపం ఒక్కటే. ప్రతి మొహల్లాలో చదువుకున్న ఇద్దరు యువకులను ఈ పనికి నియమించండి. జనాజా ముగిసి బంధువులు వెళ్లిపోయిన తరువాత ఆ ఇంటికి వెళ్లి కాగితాలు చూసేవారు కావాలి. ఆరు నెలల గడువు మాత్రం ఎవరి ఇద్దత్ పూర్తి కావాలనీ ఆగదు.