మట్టి చెప్పే సంవత్సరాలు
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆటపాటల మధ్య ఈ తవ్వకాల ముచ్చట ఎందుకని అనుకోకండి. ఒక చలికాలంలో మేము కొన్ని కుటుంబాలవాళ్లం కలిసి పడవలో ఫైలకా దీవికి వెళ్లాము. అక్కడి రాతి పునాదులు నాలుగు వేల ఏళ్లనాటివని చెప్పుకుంటూ ఉంటే మాలో ఒక పిల్లవాడు, "రాయిమీద సంవత్సరం వేసి లేదు కదా, ఎలా తెలిసింది?" అని అడిగాడు. మాకు జవాబు తోచలేదు. మేము పండితులం కాము. ఆ తరువాత చదివి తెలుసుకున్నదే ఈనాడు మనవి చేస్తున్నాము.

1958లో డెన్మార్కు బృందం ఫైలకాలో తవ్వకాలు మొదలుపెట్టింది. అక్కడ దిల్మున్ వర్తకుల గుండ్రని రాతి ముద్రలు వందల సంఖ్యలో బయటపడ్డాయి. దిల్మున్‌కు కేంద్రం బహ్రెయిన్. అక్కడ సింధు నాగరికత కొలతకు సరిపోయే తూనికరాళ్లు కూడా దొరికాయి. అంటే మన దేశపు సరుకు ఈ సముద్రానికి కొత్త కాదు.

ఇక కాలం తెలిసే తీరు చూద్దాము. మొదటిది పొరల లెక్క. పల్లెలో పెంటకుప్ప ఎరుగుదుము కదా, అడుగున ఉన్నది పాతది, పైన ఉన్నది కొత్తది. నేలా అంతే. ఏ పొరలో ఏ రకం కుండపెంకు ఉందో రాసుకుంటే ఏది ముందో ఏది వెనుకో తేలుతుంది.

రెండవది నాణెం. ఫైలకాలోని గ్రీకు కోటలో మూడవ ఆంటియోకస్ వెండి నాణెం దొరికింది. ఆయన పాలన క్రీ.పూ. 223 నుండి 187 వరకు. కాబట్టి ఆ నాణెం దాచిన రోజు అంతకు ముందుది కాజాలదు. ఎంత తరువాతదో మాత్రం నాణెం ఒక్కటే చెప్పలేదు.

మూడవది బొగ్గు. ప్రాణమున్నంతకాలం చెట్టూ జంతువూ కార్బన్-14 అనే పదార్థాన్ని లోపలికి తీసుకుంటూనే ఉంటాయి. ప్రాణం పోగానే రాబడి ఆగిపోతుంది, నిలవ తరగడం మొదలవుతుంది. సుమారు 5,730 ఏళ్లకు అది సగమవుతుంది. మిగిలినదెంతో కొలిస్తే కాలం తెలుస్తుంది. 1949లో ఈ పద్ధతిని లోకానికి చూపిన విల్లార్డ్ లిబ్బీకి 1960లో నోబెల్ బహుమతి వచ్చింది. రాతికి ఈ లెక్క పనిచేయదు. రాతి పక్కనున్న బొగ్గో, గింజో, ఎముకో సాక్ష్యం చెప్పాలి. దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో కరాల్ అనే పురాతన నగరానికి, రాళ్లు మోసిన నారసంచులే సాక్ష్యమిచ్చాయి. అది నాలుగున్నర వేల ఏళ్లకు పైబడినదని 2001లో ప్రకటించారు.

మన నేలకూ ఇలాంటి సాక్ష్యముంది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉట్నూరు ఉంది, ఇది ఆదిలాబాదు ఉట్నూరు కాదు. అక్కడి బూడిద దిబ్బను 1957లో ఆల్చిన్ తవ్వించారు. పశువుల దొడ్లలోని పేడ మళ్లీ మళ్లీ కాలి ఏర్పడిన దిబ్బ అది. పొరల్లో పశువుల గిట్టల గుర్తులు కూడా కనబడ్డాయి. అక్కడి బొగ్గు నాలుగు వేల ఏళ్లకు పైబడిన కాలం చెప్పింది. ఇక్కడ వర్తకులు ముద్రలు వేసిన కాలానికి కాస్త ముందుగా అక్కడ మనవాళ్ల నేలమీద ఎవరో ఆవులను తోలుకుంటున్నారు. వీరికీ వారికీ పరిచయముందని మేము అనడం లేదు. రెండు ఊళ్లనూ ఒకే లెక్కలో పక్కపక్కన నిలబెట్టగలుగుతున్నాము, అంతే. ఇక్కడ పుట్టి అక్కడిది మనదనుకునే మన పిల్లలకు అదీ చిన్న సంగతి కాదు.

1990 ఆగస్టు 2 మనలో పెద్దలు మరచిపోలేరు. ఎందరో కట్టుబట్టలతో స్వదేశం చేరారు. ఫైలకా జనాన్ని ఖాళీ చేయించారు. కువైట్ జాతీయ మ్యూజియంను దోచి తగలబెట్టారు. తరువాత ఐక్యరాజ్యసమితి ద్వారా చాలా వస్తువులు తిరిగి వచ్చాయి. ఏ వస్తువు ఎక్కడిదో ముందే రాసిపెట్టి ఉంటే, తిరిగి వచ్చినప్పుడు అది తన కథతోనే వస్తుంది. రాసిపెట్టకుండా పెకలించిన వస్తువు చేతిలోనే ఉన్నా, దాని సంవత్సరం ఇక రాదు.

మన వైపు బూడిద దిబ్బలెన్నో ఎరువుకింద బండ్లకెత్తి పొలాలకు తోలారు. ఇక్కడి సంపాదనతో మనం ఊళ్లో ఇళ్లు కట్టుకుంటున్నాము, బోర్లు వేయిస్తున్నాము, గట్లు చదును చేయిస్తున్నాము. పునాదిలో పాత కుండో, పూసో, బూడిద పొరో కనబడితే గునపం ఆపమని ఇంటికి ఫోన్ చేసి చెప్పండి. దాన్ని కడిగి అలమారలో పెట్టకుండా, ఉన్నచోటనే ఉంచి తహసీల్దారుకో పురావస్తు శాఖకో కబురు చేయమనండి. రెండు రోజులు పని ఆగితే ఆగుతుంది.

ఆనాడు ఫైలకాలో ఆ పిల్లవాడికి మేము బాకీపడిన జవాబు ఇదే. బాబూ, సంవత్సరం రాయిమీద లేదు, దాని చుట్టూ ఉన్న మట్టిలో ఉంది. ఆ మట్టిని కదపకుండా ఉంచడం మన వంతు.