చైతన్యపురి బండమీది అక్షరములు

దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్.బి. నగర్ వైపు సాగే మెట్రోరైలు దారిలో చైతన్యపురి స్టేషను ఉన్నది. అక్కడ దిగి మూసీనది దిక్కుగా వెళ్ళినట్లయితే, ఫణిగిరి కాలనీ ఇళ్ళ నడుమ పెద్ద పెద్ద గుండ్లతో కూడిన గుట్ట, అక్కడ కోసగుండ్ల నరసింహస్వామి ఆలయము కనబడతాయి. వచ్చిన భక్తుల చూపు స్వామివైపే ఉండటము సహజము. కాని అక్కడి బండమీద బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో చెక్కిన పంక్తులు కొన్ని ఉన్నవి. గోవిందరాజ విహారమనే బౌద్ధవిహారమును, పిండపాతికులైన భిక్షువులను అవి పేర్కొంటున్నవి. పిండపాతికులనగా ఇంటింటా భిక్షగా దొరికిన అన్నముతోనే జీవించే వ్రతము పూనినవారు. అట్టివారు నివసించినారంటే దాపున భిక్ష పెట్టే ఊళ్ళు కూడా ఉండి ఉండవలె గదా!

హైదరాబాదు చరిత్ర అనగానే 1591లో వెలసిన చార్మినారునుంచి లెక్కపెట్టుట మనకు అలవాటు. ఈ శాసనము క్రీ. శ. అయిదవ శతాబ్దినాటిదని పండితుల అభిప్రాయము. అంటే చార్మినారుకన్న సుమారు 1100 ఏండ్లు పెద్దది. ఇంతమాట అనడానికి ఆధారమేమి? బండమీద శకసంవత్సరము చెక్కి లేదే! శ్రోతలు ఈ ప్రశ్న అడగవలసినదే. అడగనినాడు చరిత్రకు, పుక్కిటి పురాణానికి భేదము పోతుంది.

మొదటి సాక్షి లిపి. అక్షరము కూడా మనిషివలెనే వయస్సుతోపాటు రూపు మారుతుంది. నాగార్జునకొండలోని ఇక్ష్వాకుల శాసనాలలో, అనగా మూడవ శతాబ్దిలో, అక్షరాల నిలువుగీతలు తీగవలె సాగుతాయి. తరువాతి శతాబ్దులలో అవే అక్షరాలు గుండ్రదనము సంతరించుకొని తెలుగు కన్నడ లిపివైపు నడచినవి. కాలము తెలిసిన శాసనాలను వరుసగా పేర్చి, తెలియనిదానిని వాటి నడుమ ఎక్కడ ఇముడుతుందో చూస్తారు. రెండవ సాక్షి భాష. ప్రాకృతము రాజశాసనాలనుంచి తొలగి సంస్కృతము వచ్చిన కాలము స్థూలముగా తెలిసినదే. అయితే ఈ ఇద్దరు సాక్షులూ శతాబ్దమును చూపగలరే గాని అంతకన్న దగ్గరకు రాలేరు.

మూడవ సాక్షి చాలా దూరమునుంచి వచ్చినాడు. భువనగిరి ప్రాంతములోని తుమ్మలగూడెములో, అనగా ఇంద్రపాలనగరములో, విష్ణుకుండినుల తామ్రశాసనాలు రెండు దొరికినవి. 1960 దశకములో వాటిని వెలుగులోకి తెచ్చిన గౌరవము బి. ఎన్. శాస్త్రిగారిది. ఒకటి గోవిందవర్మది. తన రాణి కట్టించిన విహారానికి ఆయన ఇచ్చిన దానము అందులో ఉన్నది. దానిమీద 37వ రాజ్యసంవత్సరమని ఉన్నదే గాని, ఆ రాజ్యము ఎప్పుడు మొదలైనదో లేదు. రెండవది ఆ వంశపు విక్రమేంద్రునిది. దానిమీద శకవర్షము 488 అని స్పష్టముగా ఉన్నది. శకవర్షానికి 78 కలిపితే క్రీ. శ. 566. ఆ ఒక్క అంకె విష్ణుకుండినుల చరిత్రకంతటికీ గుంజవలె నిలిచినది. విక్రమేంద్రునికి గోవిందవర్మ ముత్తాతకు తండ్రి. నాలుగు తరాలు, తరానికి పాతికేండ్లు చొప్పున వెనుకకు పోతే అయిదవ శతాబ్ది మధ్యభాగము వస్తుంది. రాజుల పాలనా సంవత్సరాలమీద పండితులలో వాదాలు తీరలేదు. మనము పట్టుకోదగినది శతాబ్దమును మాత్రమే.

మరి ఈనాటి ప్రయోగశాలలు లేవా అని విజ్ఞానశాస్త్రము చదివిన పిల్లలు అడుగుతారు. ఉన్నవి. చచ్చిన జీవిలోని రేడియోధార్మిక కార్బన్ 5730 సంవత్సరాలకు సగమవుతుంది; దానినిబట్టి బొగ్గు, ఎముక, ధాన్యపుగింజల వయస్సు తేల్చవచ్చును. కాని నల్లరాతిబండకు ఆ పరీక్ష పనికిరాదు. బండ వయస్సు వేరు, దానిమీద ఉలి పడ్డనాటి వయస్సు వేరు. భిక్షువుల పొయ్యిలోని బొగ్గుముక్క ఒకటి దొరికితే అది మాట్లాడగలదు. ఆ ముక్క దొరకవలసినది మన్ను త్రవ్వినప్పుడే.

త్రవ్వటమంటే గుంట తీయటము కాదు. చతురస్రముగా గళ్ళు గీసి, ఒక్కొక్క పొరను వచ్చిన వరుసలోనే విప్పుతారు. ఏ పెంకు ఏ పొరలో దొరికినదో వ్రాసుకుంటారు. అడుగుపొర ముందుది, పైపొర తరువాతది. కలుగులు, చెత్తగోతులు ఈ వరుసను చెరుపుతాయి గనుక కండ్లు తెరచుకొని చూడవలె. ఇదే పేరుగల మరొక ఫణిగిరి సూర్యాపేట జిల్లాలో ఉన్నది. అక్కడ త్రవ్వకాలలో స్తూపము, విహారాలు బయటపడినవి. 2024లో ఒక మట్టికుండలో 3730 సీసపు నాణేలు కూడా దొరికినవి. అవి ఇక్ష్వాకులనాటివని నిర్ణయించారు. అయినా నాణెము దొరికిన పొర ఆ నాణెముకన్న పాతది కాజాలదు అన్నంతవరకే మనకు హామీ. ఎంత తరువాతదో కుండ, ఇటుక, బొగ్గు కలిసి చెప్పవలె.

ఆ ఫణిగిరి చుట్టూ పొలాలున్నవి. పార వేయటానికి చోటున్నది. ఈ ఫణిగిరి చుట్టూ మేడలున్నవి. గోవిందరాజ విహారపు పేరు బండమీద నిలిచినది. దాని గచ్చు, దాని పొయ్యి, దాని కుండపెంకులు మట్టిలోనే చెప్పవలసిన సంగతులు. ఇల్లు కట్టేవారిని తప్పుపట్టటము మా ఉద్దేశము కాదు. ఎవరి గూడు వారికి అవసరమే. కాని పునాదికి మన్ను తీసేచోట వెడల్పాటి పాత ఇటుకగాని, నల్లని బూడిదపొరగాని కనబడితే, కూలివాడు దానిని బండిలోకి ఎత్తకముందే ఒక ఛాయాచిత్రము తీసి, ఎన్ని అడుగుల లోతున దొరికినదో వ్రాసిపెట్టి, పురావస్తుశాఖవారికి కబురుచేయవచ్చును. పొర చెదరిన తరువాత అదే ఇటుక వట్టి ఇటుక.