వానలో ఆగే సైకిలు
(సంక్రాంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంక్రాంతి సభలో నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు అడిగినప్పుడు, మేము ముగ్గుల గురించో గొబ్బెమ్మల గురించో మాట్లాడతామని వారు అనుకొని ఉంటారు. సైకిలు గురించి మాట్లాడతామన్నాము. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. తరువాత కార్యదర్శిగారు, "సరే, పదిహేను నిమిషాలు" అన్నారు. ఆ గడువులోనే ముగిస్తాము. ఈ ప్రసంగం మేము దంపతులం ఇద్దరం కలిసి రాసుకున్నది గనుక "మేము" అనే మాట పదేపదే వినబడుతుంది. అది గొప్పకు వాడుతున్నది కాదని మనవి.

మా ఇంట్లో ఒక పెద్దాయన ఉన్నారు. మాలో ఒకరికి నాన్నగారు, ఇంకొకరికి మామగారు. ఆయన కృష్ణా జిల్లాలో కాలువగట్టు మీద హైస్కూలుకు రోజూ సైకిలు తొక్కినవారు. ఆ సైకిలు హెర్క్యులిస్. ఆ పేరు పుట్టింది మనం ఉంటున్న ఈ బర్మింగ్‌హామ్‌లోనే. 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్ కంపెనీ ఏర్పడిన తరువాత అదే పేరుతో సైకిళ్ళు అక్కడ తయారయ్యాయి. చదువు పూర్తయి, 1970లలో ఆయన ఈ దేశం వచ్చారు. మొదటి కారు కొన్నరోజున, ఇక జన్మలో సైకిలెక్కనవసరం లేదని తీర్మానించుకున్నారు. ఆయన దృష్టిలో సైకిలు లేమికి గుర్తు, కారు గట్టెక్కినదానికి గుర్తు. ఈ హాలులో చాలామంది పెద్దల అభిప్రాయం అదేనని మాకు తెలుసు. అందుకే ఈ విషయం ఎత్తుకున్నాము.

మా ఇంట్లోకి సైకిలు తిరిగి రావడానికి ఆదర్శం ఏదీ కారణం కాదు. కారు ఒకటి, పనివేళలు మూడు. ఒకరికి ఆసుపత్రిలో షిఫ్టు ఉద్యోగం. ఇంకొకరికి ఐదు మైళ్ళ దూరంలో ఆఫీసు, రెండు బస్సులు మారాలి. మూడోది మా అమ్మాయి కాలేజీ. పదిహేడేళ్ళ పిల్లకు కారు బీమా ఎంత అడుగుతారో ఇక్కడి తల్లిదండ్రులకు మేము చెప్పనక్కరలేదు. అందుచేత ఒకరి గారేజీలో పడి ఉన్న పాత సైకిలును నలభై పౌండ్లకు కొన్నాము. ఇంతకంటె చవక ఏముంటుంది అని మురిసిపోయాము.

వేసవి బాగానే గడిచింది. నవంబరులో ఒక సాయంత్రం, సన్నగా వాన పడుతుండగా, వాలులో దిగుతుంటే కింద సిగ్నలు ఎర్రబడింది. రెండు బ్రేకులూ నొక్కాము. సైకిలు ఆగలేదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేంతసేపు ఏమీ జరగలేదు. తరువాత బ్రేకు పట్టుకున్నది గాని, అప్పటికే ముందు ఆగి ఉన్న వ్యాను వెనుక తలుపు మీదికి వచ్చేసింది. మణికట్టు ఎముక విరిగింది. ఆరు వారాలు పిండికట్టు. ఇద్దరిలో పడింది ఎవరన్నది ఇంటి సంగతి. ఆ ఆరు వారాలూ మా ఇంట్లో కూరలు ఎవరు తరిగారో తెలిసినవారికి అదీ తెలుసు.

ఆ రాత్రి పెద్దాయన ఆసుపత్రికి వచ్చి, కట్టు చూసి, ఒక్క మాట అన్నారు: "సైకిలు తొక్కడానికట్రా మేము ఇంతదూరం వచ్చింది?" మా దగ్గర జవాబు లేదు. ఇంటికి వెళ్ళాక అమ్మాయి ఆ సైకిలును ముట్టుకోకూడదన్నారు. దానికీ ఎదురు చెప్పలేకపోయాము. ఎందుకంటే మరునాడు అదే వాలులో దిగవలసింది ఆ పిల్లే.

కట్టు విప్పాక ఆ సైకిలును వెలుగులో పెట్టి చూశాము. తప్పు మాదే. బ్రేకు రబ్బర్లు అరిగి గట్టిపడిపోయాయి. రిమ్ము పక్కభాగం వేలితో తడిమితే గుంటపడి ఉన్నది. ఆ రకం సైకిలులో రబ్బర్లు చక్రపు రిమ్మునే పట్టుకొని ఆపాలి. వానలో ఆ రిమ్ము తడిసి ఉంటుంది. రబ్బరు ముందు ఆ నీటిని తుడవాలి, ఆ తరువాతే పట్టు దొరుకుతుంది. ఆ తుడిచే క్షణాలలోనే సైకిలు ముందుకు పోతుంది. పైగా చలికాలంలో రోడ్లమీద చల్లిన ఉప్పు, సన్నని ఇసుక రబ్బరుకు అంటుకొని రిమ్మును ఆకురాయిలా అరగదీస్తాయి. రిమ్ము చక్రంలో భాగం. బాగా అరిగిన రిమ్ము తొక్కుతుండగానే చీలిపోవచ్చు. అంటే ప్రతి చలికాలమూ బ్రేకు వేసిన కొద్దీ చక్రాన్నే ఖర్చు పెడుతున్నామన్నమాట.

డిస్కు బ్రేకు పద్ధతి వేరు. చక్రం మధ్యలో, హబ్బు పక్కన, పళ్ళెంలాంటి పలుచని ఉక్కు బిళ్ళ ఉంటుంది. రెండు ప్యాడ్లు దాన్ని అటూ ఇటూ నొక్కి పట్టుకుంటాయి. అది రోడ్డుకు ఎత్తుగా ఉంటుంది గనుక నీరు, బురద అంతగా చేరవు. చేరినా, అందులోని రంధ్రాల వల్ల త్వరగా తొలగిపోతాయి. అరిగేవి ప్యాడ్లు, డిస్కు. రెండూ మార్చుకోదగినవే, చక్రం క్షేమంగా ఉంటుంది. ఇది నిన్న మొన్నటి ఊహ కాదు. మోటారుకార్లకు డిస్కు బ్రేకు పేటెంటును 1902లోనే మన బర్మింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ తీసుకున్నారు. 1953లో లె మాన్ పందెం గెలిచిన జాగ్వార్ కారుకు ఉన్నవి డిస్కు బ్రేకులే. ఆ కారు పక్కనున్న కవెంట్రీది. 1885లో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సేఫ్టీ సైకిలు తయారు చేసినదీ కవెంట్రీలోనే. సైకిలు, డిస్కు రెండూ ఈ ప్రాంతపు బిడ్డలే అయినా, అవి రెండూ కలిసి సామాన్యుడి ధరకు రావడానికి ఇంతకాలం పట్టింది.

మేము ఐదువందల పౌండ్లకు కొంచెం తక్కువలో కొత్తది కొన్నాము. అంగట్లో ఏమి చూడాలో, మా అనుభవం కొద్దీ చెబుతాము.

మొదటిది, డిస్కులో రెండు రకాలు. తీగ లాగితే పనిచేసేది ఒకటి, గొట్టంలో నూనె ఒత్తిడితో పనిచేసేది రెండవది. తీగ రకం మన పాత సైకిళ్ళ వంటిదే. ఇంట్లో, దారిలో మనమే బిగించుకోవచ్చు. కాని చవకవాటిలో చాలావరకు ఒకవైపు ప్యాడే కదులుతుంది. ప్యాడ్లు అరిగిన కొద్దీ చేత్తో సర్దాలి, ఉప్పునీటికి తీగ తుప్పు పట్టకుండా చూడాలి. నూనె రకంలో తక్కువ బలంతో ఎక్కువ పట్టు దొరుకుతుంది, అరుగుదలను అదే సర్దుకుంటుంది. కాని గొట్టంలో గాలి చేరితే తెలిసినవారి చేత బాగు చేయించాలి. మేము అమ్మాయి చేతివేళ్ళ బలం చూసి నూనె రకం తీసుకున్నాము. ఇంట్లో పనిముట్లు పట్టే అలవాటున్నవారికి తీగ రకమూ మంచిదే.

రెండవది, చవక సైకిలుకు ముందు స్ప్రింగుల ఫోర్కు ఉంటే మోజు పడకండి. ఆ ధరలో అది బరువు పెంచుతుంది, అంతకంటె పెద్దగా ఒరగబెట్టదు. ఆ డబ్బుకు పూర్తి మడ్‌గార్డులు, ముప్పై అయిదు మిల్లీమీటర్లకు తగ్గని వెడల్పు టైర్లు, మంచి తాళం, దీపాలు వస్తాయి. మూడవది, కొన్నరోజునే ఒక జత ప్యాడ్లు అదనంగా కొనండి. నాలుగవది, ఏ చేతి బ్రేకు ముందు చక్రానిదో అడగండి. ఇక్కడ, ఇండియాలో కుడిచేయి ముందు చక్రానిది. యూరప్‌లో చాలాచోట్ల, అమెరికాలో ఎడమచేయి. ఆగే బలంలో ఎక్కువపాలు ముందు చక్రానిదే గనుక ఈ పొరపాటు ప్రమాదకరం.

ఉద్యోగస్తులకు ఇంకొక సదుపాయం ఉన్నది. 1999లో మొదలైన సైకిల్ టు వర్క్ పథకంలో యజమాని సైకిలు కొని మనకు అద్దెకిస్తాడు. పన్నుకు ముందే జీతంలోంచి వాయిదాలు పోతాయి గనుక ఆ మేరకు ఆదా. గడువు తీరేదాకా సైకిలు యజమానిదేనని, చివర సొంతం చేసుకోవడానికి కొంత చెల్లించవలసి ఉంటుందని ముందే తెలుసుకొని సంతకం చేయండి.

కొనడం ఒకరోజు పని. ఉంచుకోవడం ఏడాది పొడుగునా పని. ఈ పాఠం కూడా మేము నష్టపోయి నేర్చుకున్నదే. కొన్న మొదటి జనవరిలో, చైను తుప్పు పట్టకూడదని శ్రద్ధగా నూనె పిచికారీ చేశాము. ఆ తుంపరలు డిస్కు మీద పడ్డాయి. మరునాడు గేటు దగ్గరే బ్రేకు నొక్కితే పెద్ద కూత పెట్టింది, సైకిలు మాత్రం జారుకుంటూ పోయింది. అదృష్టవశాత్తు అది మా గేటే, మా చెత్తడబ్బాయే. ప్యాడ్లు నూనె పీల్చుకున్నాయి గనుక పారవేయవలసి వచ్చింది. అప్పటినుంచి పిచికారీ మానేసి, చైను లంకె లంకెకు ఒక్కొక్క చుక్క వేసి, పైన మిగిలినది గుడ్డతో తుడుస్తున్నాము. డిస్కును వేలితో ముట్టుకోము. తొక్కి దిగిన వెంటనే అయితే అసలే ముట్టుకోరాదు, కాలుతుంది. కొత్త ప్యాడ్లు వేసినప్పుడు, ఖాళీ రోడ్డుమీద కొంచెం వేగం అందుకొని మెల్లగా తగ్గించడం పదిహేను ఇరవైసార్లు చేస్తేనే వాటికి పూర్తి పట్టు వస్తుంది. చక్రం ఊడదీసి ఉన్నప్పుడు నూనె బ్రేకును నొక్కకూడదు, ప్యాడ్లు రెండూ దగ్గరికి వచ్చేస్తాయి. ప్యాడు మీది పదార్థం అర మిల్లీమీటరుకు రాకముందే మారుస్తాము. శనివారం ఒక బకెట్టు నీళ్ళతో ఉప్పు కడిగి, ఆరబెడతాము. మొత్తం అరగంట పని.

ఇక్కడ పిల్లలు ముఖ్యంగా వినవలసిన మాట ఒకటి. డిస్కు చక్రాన్ని ఆపుతుంది. రోడ్డును పట్టుకునేది టైరు. తడి రోడ్డుమీద టైరుకు పట్టు తగ్గుతుంది గనుక ముందునుంచే మెల్లగా నొక్కడం నేర్చుకోవాలి. గడ్డకట్టిన నల్లమంచు మీద ఎంత ఖరీదైన బ్రేకు అయినా చక్రాన్ని పట్టుకుంటుంది, చక్రం మాత్రం జారిపోతుంది. రాత్రి వాన కురిసి తెల్లవారుజామున మంచు కట్టినరోజున మా ఇంట్లో సైకిలు బయటకు రాదు. ఆరోజు బస్సే. కాలువగట్లమీద, వంతెనలమీద మంచు ముందుగా చేరి ఆలస్యంగా కరుగుతుంది. మంచి బ్రేకు ఉన్నదన్న ధైర్యంతో మంచులోకి దిగినవాడికంటె, అరిగిన బ్రేకుతో ఇంట్లో కూర్చున్నవాడే తెలివైనవాడు.

రెండవ మాట దీపాలు. ఈ దేశంలో డిసెంబరు మూడోవారంలో నాలుగు గంటల వేళకే సూర్యాస్తమయం, ఉదయం ఎనిమిది దాటితేగాని సూర్యోదయం లేదు. పోయేదీ చీకటిలోనే, వచ్చేదీ చీకటిలోనే. ముందు తెల్లదీపం, వెనుక ఎర్రదీపం, వెనుక ఎర్రని రిఫ్లెక్టరు, పెడళ్ళకు పసుపుపచ్చ రిఫ్లెక్టర్లు చట్టప్రకారం ఉండాలి. కారు నడిపే పెద్దలకు కూడా ఒక మనవి. 2022లో సవరించిన హైవే కోడ్ ప్రకారం, ముప్పై మైళ్ళ వేగం వరకు సైకిలును దాటేటప్పుడు కనీసం ఒకటిన్నర మీటర్ల ఎడం వదలాలి. వేగం పెరిగితే ఇంకా ఎక్కువ. మీరు దాటుతున్న సైకిలుమీద ఉన్నది ఈ హాలులోని బిడ్డ కావచ్చు.

మూడు చలికాలాలు గడిచాయి. పెద్దాయన మాట మార్చుకున్నారని మేము చెప్పము. ఇప్పటికీ ఎవరైనా చుట్టాలు వస్తే సైకిలును వెనుకవైపు పెట్టమంటారు. కాని మొన్న ఒక ఆదివారం, వాన వెలిసిన తరువాత, మేము సైకిలు కడుగుతుంటే ఆయన శాలువా కప్పుకొని బయటకు వచ్చారు. ముందు చక్రం ఎత్తమన్నారు. తిప్పి, బ్రేకు నొక్కారు. మళ్ళీ తిప్పారు, మళ్ళీ నొక్కారు. చక్రం నీళ్ళు కారుతూనే ఉన్నది, నొక్కగానే ఆగింది. "మా రోజుల్లో వానపడితే రాడ్ బ్రేకులు పనిచేసేవి కావు, చెప్పు టైరుకు ఆనించి ఆపేవాళ్ళం. చెప్పులు అరిగిపోతే మా అమ్మ తిట్టేది" అన్నారు. ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయారు. మరునాటి నుంచి మనుమరాలు బయలుదేరే వేళకు గుమ్మంలో నిలబడి, వెనుకదీపం వెలిగిందో లేదో చూసి గాని పంపడం లేదు.

ఆయన ఆసుపత్రిలో అడిగిన ప్రశ్నకు మాకు ఇప్పటికి తోచిన జవాబు ఇది. మన పెద్దలు ఇంతదూరం వచ్చింది పిల్లలు సైకిలు ఎక్కకూడదని కాదు, పడకూడదని. ఎక్కేవారికి ఆగే సైకిలు కొనిపెట్టడం, దానిని వారానికొక అరగంట చూసుకోవడం మన వంతు.

మా సైకిలును హాలు వెనుక వరండాలో నిలిపి ఉంచాము. భోజనాల తరువాత పిల్లలు వచ్చి చక్రం తిప్పి, బ్రేకు నొక్కి చూడవచ్చు. అరిసెలు తిన్న చేతులు మాత్రం ముందు కడుక్కొని రావలెనని ప్రార్థన. డిస్కుకు నెయ్యి తగిలితే మాకు మళ్ళీ కొత్త ప్యాడ్ల ఖర్చు.