వేగమునకు తగిన చోటు



సదాశివపేట చెంతనున్న ఎం.ఆర్.ఎఫ్. టైర్ల కర్మాగారమును మీరెల్లరు నెఱుగుదురు. ఆ సంస్థ పేరిట జాతీయ మోటారుసైకిలు పందెములును జరుగుచుండును. వానిలో వెలిగిన యొక బాలుని గూర్చి నేడు మనవి చేసెదను.

బెంగుళూరు వాడగు కొప్పరం శ్రేయస్ హరీష్ 2010 జూలై 26న జన్మించెను. బడికి పోవు ప్రాయముననే బండి నడపుట నేర్చి, బాలురకై యేర్పఱచిన చిన్నబండ్ల పందెములకు స్పెయిను దేశము వఱకు నేగి, ఐదవ, నాల్గవ స్థానముల నందెను. 2023లో జాతీయస్థాయిని వరుసగా నాలుగు పందెములు గెలిచెను. మలేషియా పందెమునకు సిద్ధమగుచుండెను.

ఆ యేడు ఆగస్టు 5న, చెన్నపట్టణము చెంతనున్న ఇరుంగాట్టుకోట్టై పందెపు బాటపై, ఉదయము జరిగిన అర్హత పరీక్షలో నతడే ప్రథముడు. పిమ్మట పందెము మొదలై తొలి మలుపు దాటగానే క్రింద పడెను. అంబులెన్సు అచటనే యున్నను ప్రాణము దక్కలేదు. అప్పటికి వయస్సు 13 ఏండ్లు. మిగిలిన పందెములను రద్దు చేసిరి.

నేనా తలిదండ్రులను నిందింపను. వారు బిడ్డను తగిన చోటనే నిలిపిరి. అచట బండ్లన్నియు నొకే దిక్కునకు పోవును. లారీ యెదురుగ రాదు, గేదె యడ్డము రాదు. అట్టిచోటనే యింత ఘోరము జరిగినపుడు, పటాన్‌చెరు, సంగారెడ్డి రాజమార్గముపై బాలురు పందెములు వేసికొనిన నేమగును?

పదునెనిమిదేండ్లు నిండక గేర్ల బండి నడపుట నేరము. 2019 నాటి సవరణ ననుసరించి, మైనరు చేసిన నేరమునకు సంరక్షకునికి 3 ఏండ్ల వఱకు చెఱ, 25,000 రూపాయల జుల్మానా కలవు. పిల్లవానికి నిజముగా నేర్పున్నచో గురువు నొద్ద, పందెపు బాటపై నేర్పింపుడు. అంతవఱకు బండి తాళపుచెవి మీ మొలత్రాటనే యుండనిండు.